తుంటి మార్పిడి తర్వాత నొప్పి: మాత్రలు ముందా, నీటి పరీక్ష ముందా?

తుంటి కీలు మార్చి 8 నెలలైంది, అమ్మగారికి గజ్జలో నొప్పి పెరుగుతోంది, సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) లీటరుకు 38 మిల్లీగ్రాములు, ఎక్స్‌రే బాగానే ఉంది, యాంటీబయాటిక్ మొదలుపెట్టమంటారా అని అడిగారు. ఇప్పుడే వద్దండీ. కీలులో ఇన్ఫెక్షన్ ఉందేమో తేల్చడానికి ముందు కీలులోంచి నీరు తీయించండి.

లోహం మీద క్రిములు జిగట పొరలా అతుక్కుని ఉంటాయి. మాత్రలకు అవి పూర్తిగా చావవు, కానీ కల్చర్‌లో (క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) పెరగకుండా పోతాయి. ఇప్పటికే వాడి ఉంటే, మనిషి నిలకడగా ఉంటే, డాక్టరు సాధారణంగా 2 వారాలు ఆపించి తీస్తారు. చలిజ్వరం, బీపీ పడిపోవడం ఉంటే మాత్రం ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తుంటి లోతైన కీలు కాబట్టి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది దించుతారు. నీరు కొద్దిగా వచ్చినా తెల్ల కణాల లెక్కకు, కల్చర్‌కు పంపాలి. ఏమీ రాలేదని సెలైన్ ఎక్కించి వెనక్కి లాగితే కణాల లెక్క పనికిరాదు. కల్చర్‌ను 14 రోజులు ఉంచమనండి; కొన్ని క్రిములు నిదానంగా పెరుగుతాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే: సొంత కీలులో చీముకు 50,000 కణాలు చూసే అలవాటుతో 4,000 వస్తే పర్వాలేదంటారు. కృత్రిమ కీలుకు మైక్రోలీటరుకు 3,000 దాటినా, వాటిలో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) 80 శాతం మించినా ఇన్ఫెక్షన్‌ను గట్టిగా అనుమానించాలి.

ఇన్ఫెక్షన్ అని తేలితే, ఇన్ని నెలల నొప్పికి కడిగి వదిలేస్తే సాధారణంగా సరిపోదు. కీలు తీసి, ఒకేసారి గానీ రెండు విడతల్లో గానీ మారుస్తారు.