సిసెరో వాదన తనను తానే ఖండించుకుంటోందా?

"ఏదీ నిశ్చయంగా తెలియదంటే, ఆ సంగతి మాత్రం ఎలా తెలిసింది?" అన్న సందేహంతో, రోమన్ రచయిత సిసెరో రాసిన తత్త్వ సంభాషణ 'అకడెమికా' దగ్గర ఆగిపోయానని మీరన్నారు. ఏదీ నిశ్చయంగా తెలియదన్నది అందులో సిసెరో సమర్థించే వాదన. ఈ అభ్యంతరం ఆ గ్రంథంలోనే ఉందండి. ఆ ఒక్కటైనా తెలుసునని ఒప్పుకోమని నిశ్చయ జ్ఞానం సాధ్యమనే స్టోయిక్ తాత్వికుడు ఆంటిపేటర్ పట్టుబడితే, ఏదీ నిశ్చయంగా తెలియదనే సంశయవాది కార్నియడీస్ దానికీ మినహాయింపు ఇవ్వలేదు. 'ఏదీ' అన్నాక అదీ అందులో భాగమే కదా!

చిక్కల్లా మాట్లాడుతున్నది ఎవరో చూసుకోకపోవడంలోనే ఉంది. క్రీ.పూ. 45లో రాసిన ఈ గ్రంథాన్ని సిసెరో ఆ ఏడే తిరగరాశాడు. మనకు దక్కినవి మొదటి కూర్పులోని 'లుకుల్లస్' అనే పుస్తకం, రెండో కూర్పులో కొంత భాగం. 'లుకుల్లస్' మొదటి సగంలో లుకుల్లస్ అనే పాత్ర సంశయవాదాన్ని ఎదిరిస్తాడు. సిసెరో జవాబు 64వ విభాగంలో మొదలవుతుంది.

మరి ఏమీ తెలియకుండా బతకడమెలా? నాకు ఇక్కడే సిసెరో బాగా నచ్చుతాడు. ఓడ ఎక్కేవాడికి క్షేమంగా చేరతానని తెలియదు. కానీ ఓడ గట్టిది, నావికుడు సమర్థుడు, సముద్రం ప్రశాంతం, చేరవలసిన ప్యుటియోలీ రేవు ముప్పై స్టేడియాల (సుమారు ఐదున్నర కిలోమీటర్ల) దూరమే. చేరతాననుకోవడం నమ్మదగినది. ప్రయాణానికి అది చాలు. నిశ్చయ జ్ఞానాన్ని కాదన్నాడే గాని, నమ్మదగినదాన్ని కాదనలేదు.

64 నుంచి మళ్లీ చదవండి. 99, 100 విభాగాల దగ్గర నిదానించండి.