మావాడికి బాల్డర్స్ గేట్ పిచ్చి... గేమ్ డిజైనర్ అవుతాడా?

ప్రశ్న: మాది హన్మకొండ. మావాడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. బాల్డర్స్ గేట్, నెవర్‌వింటర్ నైట్స్, పాత్‌ఫైండర్ అంటూ అర్ధరాత్రి దాకా కంప్యూటర్ ముందే ఉంటున్నాడు. ఏందిరా ఇది అంటే 'పాచికల లెక్క నాన్నా' అంటాడు. బెట్టింగ్ యాప్‌లతో ఆగమైన పిల్లల్ని చూస్తున్నం, పాచికలంటేనే భయమైతుంది. ఇప్పుడేమో బీటెక్ వద్దు, ప్రైవేటు గేమ్ డిజైన్ డిప్లొమాకు ఫీజు కట్టమంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు పాచికల సంగతి తేల్చుకుందాం. మీరు రాసిన మూడు ఆటల్లోనూ డబ్బు పందెం లేదు. ఒకసారి కొంటే ఆడుకోవడమే. వీటి మూలం 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, కాగితం, పెన్సిలు, పాచికలతో కథ నడిపించే ఆట అది. కత్తి తగిలిందా, తాళం ఊడిందా, కావలివాడు మాట విన్నాడా అనేది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కంప్యూటర్ ఆటల్లో ఆ పాచికను యంత్రం వేస్తుంది, అంతే. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని తెలంగాణ 2017లోనే చట్టం సవరించి నిషేధించింది. ఆ రెంటినీ ఒకే గాటన కట్టకండి. అనుమానం తీరకపోతే అబ్బాయి యూపీఐ ఖాతా స్టేట్‌మెంట్ ఒకసారి చూడండి, చాలు.

అసలు ప్రశ్న వేరే ఉంది. అబ్బాయి ఆట ఆడుతున్నాడా, ఆట లోపలి లెక్క చూస్తున్నాడా? సినిమాలు బాగా చూసేవాడు ఎడిటర్ కానట్టే, వెయ్యి గంటలు ఆడినవాడు డిజైనర్ కాడు. ఇది తెలుసుకోవడానికి మీకు ఆటలు రానక్కర్లేదు. అన్నం తినేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి: చేరాల్సిన అంకె 15, పాచికకు కలిపే నీ బోనస్ 5 అయితే గెలిచే అవకాశం ఎంత? పాచికపై 10 నుంచి 20 దాకా ఏది పడ్డా గెలుపే. అంటే 20లో 11 ముఖాలు, 55 శాతం. రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే 'అడ్వాంటేజ్' ఉంటే? రెండూ ఓడే అవకాశం 0.45 ఇంటూ 0.45, అంటే 20.25 శాతం. కాబట్టి గెలుపు 79.75 శాతం. ఇక్కడిదాకా ఇంటర్ సెకండియర్ ప్రాబబిలిటీయే. తర్వాత, చేరాల్సిన అంకె 20 అయితే అడ్వాంటేజ్ అంతే లాభం ఇస్తుందా అనండి. 30 శాతం 51 అవుతుంది, లాభం 24.75 నుంచి 21కి తగ్గింది. అడ్వాంటేజ్ విలువ మధ్యలో ఎక్కువ, కొసల్లో తక్కువ అని వాడే పట్టుకుంటే డిజైనర్ బుర్ర ఉన్నట్టు.

రెండు: పెద్ద కత్తికి ఆరు ముఖాల పాచికలు రెండు, పెద్ద గొడ్డలికి పన్నెండు ముఖాలది ఒకటి. ఏది మేలు? సగటు 7, 6.5. కానీ 12 పడే అవకాశం కత్తికి 36లో ఒకటి, గొడ్డలికి 12లో ఒకటి. 'ఎవరికి ఏది నప్పుతుంది' అనే దాకా జవాబు రావాలి.

మూడోది కొంచెం చరిత్ర. 1998 నాటి మొదటి బాల్డర్స్ గేట్‌లో కవచం అంకె ఎంత తక్కువైతే అంత రక్షణ. థాకో అంటే కవచం అంకె సున్నా ఉన్నవాణ్ని కొట్టడానికి పాచికపై పడాల్సిన అంకె. అది 20, ఎదుటివాడి కవచం 3 అయితే, 20లోంచి 3 తీసేసి 17 పడాలి. 2000లో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ దాన్ని తిరగేసింది, అంకె పెరిగితే రక్షణ పెరుగుతుంది. 2002 నాటి నెవర్‌వింటర్ నైట్స్ ఆ మూడో ఎడిషన్‌దే. ఎందుకు మార్చారో చెప్పమనండి. తీసివేత కన్నా కూడిక త్వరగా తలకెక్కుతుంది అన్నా చాలు. 'కొత్తది బాగుంటుంది' దగ్గరే ఆగితే వాడు ఇంకా ఆటగాడే. అందులో తప్పేమీ లేదు, కెరీర్ మాత్రం వేరే చూసుకోవాలి.

పరీక్ష నెగ్గితే తర్వాతి మెట్టు, ఒకటి కట్టి చూపించడం. టీజీ ఎప్‌సెట్ అయిపోయాక బీటెక్ క్లాసులు మొదలయ్యేలోపు పది వారాలైనా దొరుకుతాయి. నెవర్‌వింటర్ నైట్స్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌తో పాటే సొంత ఆట కట్టుకునే అరోరా టూల్‌సెట్ వస్తుంది, విండోస్‌లో నడుస్తుంది. నియమాలు, పాచికలు, యుద్ధం అన్నీ అందులో ముందే ఉంటాయి కాబట్టి పిల్లవాడు క్వెస్ట్ (ఆటగాడు పూర్తి చేయాల్సిన పని) డిజైన్ మీదే దృష్టి పెట్టొచ్చు. హద్దు ముందే గీయండి: రెండు ఏరియాలు, ఐదుగురు మనుషులు, ఒక్క క్వెస్ట్, ఇరవై నిమిషాల ఆట. ఏరియా ఒక్కోటి 8 టైల్స్ (నేల పలకలు) పొడవు, 8 వెడల్పు చాలు. 32 ఇంటూ 32 దాకా పోవచ్చు కానీ ఖాళీ మైదానం తప్ప ఏమీ మిగలదు. కథ కోసం యూరప్ సత్రాల వెంట పడనక్కర్లేదు. ఖిలా వరంగల్ ఉంది కదా: చీకటి పడ్డాక రాతికోట ద్వారం మూశారు, లోపల జ్వరంతో ఉన్న మనిషికి మందు చేరాలి. ఒప్పించి పోవడం, చాటుగా పోవడం, కొట్లాడి పోవడం, మూడు దారులూ ఉండాలి. ఏ దారిన పోయాడో తెల్లారి కావలివాడి మాటలో తెలియాలి.

మొదటిసారి చేసేవాళ్లు చిక్కుకునే చోట్లు దాదాపు ఒకటే. సంభాషణలో టూల్‌సెట్ పై వరుస నుంచి కిందికి చూసుకుంటూ, షరతు సరిపోయిన మొదటి మాటనే పలికిస్తుంది. షరతు లేని 'ఎవరు నువ్వు?' పైన పెడితే కింద రాసిన మాటలు ఎప్పటికీ వినపడవు. ప్రత్యేక మాటలు పైన, మామూలు మాట అన్నిటికన్నా కింద పెట్టాలి. ట్యాగ్‌లో, అంటే పాత్రకు పెట్టే గుర్తింపు పేరులో, పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వచ్చినా స్క్రిప్టు (ఆటలో ఏం జరగాలో రాసే చిన్న ప్రోగ్రాం) ఆ మనిషిని పట్టుకోలేదు. ఎర్రర్ కూడా చూపించదు, ఊరికే ఏమీ జరగదు. స్క్రిప్టు సేవ్ చేసి కంపైల్ చేయకపోయినా అంతే. కావలివాణ్ని హోస్టైల్ ఫ్యాక్షన్‌లో (శత్రువుల జట్టులో) పెడితే మాట్లాడకుండా మీద పడతాడు. ఇక తెలుగు అక్షరాలు ఈ ఆటలో రావు, సంభాషణలు ఇంగ్లిష్‌లో రాయాలి. తెలుగులోనే చేయాలని పట్టుంటే గోడో అనే గేమ్ ఇంజిన్ వాడాలి, అదీ 2023లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచే. మూడో వెర్షన్‌లో ఒత్తులు విడిపోతాయి. అయితే గోడోలో పాచికల నియమాలు తనే రాసుకోవాలి కాబట్టి పది వారాలు చాలవు.

ఏడో వారం నుంచి కొత్తవి చేర్చనివ్వకండి. ఈ ఆటలు తెలియని ఐదుగురి చేత ఆడించి, పక్కన కూర్చుని నోరు మెదపకుండా ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకోవాలి. నోరు మూసుకోవడం ఈ వయసులో కష్టమే! చివరికి మాడ్యూల్ (టూల్‌సెట్‌లో కట్టిన ఆట) ఫైల్, రెండు నిమిషాల వీడియో, ఏం మార్చాను, ఎందుకు మార్చాను అనే ఒక పేజీ చేతిలో ఉండాలి. మార్కుల జాబితా కన్నా ఈ పేజీనే స్టూడియోలో ఎక్కువ చదువుతారు. ఇలా సొంతంగా కట్టిన పని అసలు ఆటలోకే ఎక్కిన సందర్భమూ ఉంది. పాత్‌ఫైండర్ కింగ్‌మేకర్ 2018లో రియల్‌టైమ్ యుద్ధంతోనే వచ్చింది. ఒక అభిమాని చేసిన టర్న్ పద్ధతి (ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా ఆడే) మాడ్‌ను, అంటే ఆటకు చేసిన మార్పును, ఆధారం చేసుకుని తయారీదారులు 2020లో దాన్ని అసలు ఆటలోనే చేర్చారు.

తర్వాత ఆ ఆటను అమ్ముకోవాలనుకుంటే ఒక జాగ్రత్త. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం ఎస్‌ఆర్‌డీ 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత వాడకపు అనుమతి కింద వదిలారు. మూలం పేర్కొని ఎవరైనా వాడుకోవచ్చు. ఫర్గాటెన్ రెల్మ్స్ ప్రపంచం, అందులోని పాత్రలు మాత్రం దాన్ని తెచ్చే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీవే. అరోరాలో చేసిన మాడ్యూల్ పోర్ట్‌ఫోలియోకే, అమ్మకానికి కాదు.

చదువు విషయానికి వస్తే, బీటెక్ వదలొద్దనే నా మాట. మూడో బాల్డర్స్ గేట్ చేసిన లేరియన్ బెల్జియంలో ఉంది, పాత్‌ఫైండర్ చేసిన ఔల్‌క్యాట్ సైప్రస్‌లో. మన దగ్గర దొరికే తొలి ఉద్యోగం ఎక్కువగా మొబైల్ ఆటల్లోనో, టెస్టింగ్‌లోనో, బయటి స్టూడియోలకు బొమ్మలు చేసిపెట్టడంలోనో ఉంటుంది. 'క్వెస్ట్ డిజైనర్' అని నేరుగా ఫ్రెషర్‌ను తీసుకోవడం అరుదు. ప్రోగ్రామింగ్ వస్తే తలుపు త్వరగా తెరుచుకుంటుంది, కుదరకపోయినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉండనే ఉంటుంది. జేఈఈ మెయిన్‌లో ర్యాంకు వస్తే ఎన్‌ఐటీ వరంగల్, అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే. ఎప్‌సెట్‌తో అయితే కాకతీయ యూనివర్సిటీ కాలేజీ, జగిత్యాల, మంథని జేఎన్‌టీయూ కాలేజీలు చూడండి. సీఎస్‌ఈలో సీ ప్లస్ ప్లస్ గట్టిగా పట్టాలి. ఫస్టియర్‌లో చదివిన వెక్టర్లు, మాత్రికలు గేమ్ ప్రోగ్రామింగ్‌లో రోజూ ఎదురవుతాయి, మరిచిపోనివ్వకండి. బొమ్మ గీయడం, వస్తువుల రూపం మీద ఆసక్తి ఉంటే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్ వంటిచోట బీడిజైన్ చేయొచ్చు. యూసీడ్ జనవరిలో జరుగుతుంది, వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు.

ఆ డిప్లొమాకు డబ్బు కట్టే ముందు మూడు అడగండి: మీ దగ్గర చదివినవాళ్ల పేర్లు ఏ ఆటల క్రెడిట్స్‌లో ఉన్నాయి, పాఠం చెప్పేవాళ్లు ఏ ఆటకు పనిచేశారు, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు. వాళ్లు చెప్పిన పేర్లను మోబీగేమ్స్ సైట్‌లో వెతకండి. 'హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్' అని నోటితో చెప్పి రాసివ్వడానికి వెనకాడితే లేచి వచ్చేయండి.

పబ్లిక్ పరీక్షల దాకా మాత్రం మూడో బాల్డర్స్ గేట్ ముట్టనివ్వకండి. ఒకసారి పూర్తి చేయాలంటేనే వంద గంటల దాకా పడుతుంది. అలాగని డిలీట్ చేయించి గొడవ పెట్టుకోకండి, సేవ్ ఫైల్ ఎక్కడికీ పోదు. దానికి 150 జీబీ ఎస్ఎస్‌డీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలని కొత్త ల్యాప్‌టాప్ అడిగితే తొందరపడకండి. అరోరా టూల్‌సెట్‌కు ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. ఇరవై నిమిషాల ఆ మాడ్యూల్ మీ ముందు ఆడి చూపించాక కొత్తదాని గురించి మాట్లాడుకోండి.