షుగర్ లేదు.. మరి ఇంత దాహం, ఇన్నిసార్లు మూత్రం ఎందుకు?

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. బైపోలార్ డిజార్డర్‌కు పన్నెండేళ్లుగా లిథియం మాత్రలు వాడుతున్నారు. మనసు నిలకడగానే ఉంది, ఉద్యోగం చేసుకుంటున్నారు. కానీ ఏడాదిగా ఒకటే దాహం. రోజుకు ఆరేడు లీటర్ల నీళ్లు తాగుతున్నారు. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారు. షుగర్ రెండుసార్లు చూపించాం, నార్మల్. లిథియం వల్ల కిడ్నీల్లో ఆక్వాపోరిన్ అనే ప్రొటీన్ తగ్గిపోతుందని ఎక్కడో చదివాను. మా ఆడపడుచు ఆ మాత్రలే మానేయమంటోంది. నీళ్లు తగ్గిస్తే సరిపోతుందా? ఆక్వాపోరిన్ యాంటీబాడీ పరీక్ష చేయించాలా? దాన్ని బాగుచేసే మందు ఉందా? – ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దమ్మా, నీళ్లూ తగ్గించొద్దు. లిథియం ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ. ఆత్మహత్య ఆలోచనలు కూడా రావచ్చు. ఇక నీళ్ల సంగతి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఎక్కువ తాగుతున్నందువల్ల మూత్రం ఎక్కువ రావడం కాదు, నీరు మూత్రంలో పోతోంది గనుకే ఆయనకు దాహం వేస్తోంది. అలాంటి మనిషికి నీళ్లు కట్టడి చేస్తే రక్తంలో సోడియం పెరిగి మగత, ఫిట్స్ వరకు వెళ్తుంది.

మీరు చదివింది నిజమే. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. మూత్రంగా బయటికొచ్చేది మామూలుగా ఒకటిన్నర, రెండు లీటర్లే. మిగతాదంతా తిరిగి రక్తంలోకి చేరుతుంది. ఆ నీటిలో ఎక్కువ భాగం కణాల గోడల్లో నీటి దారుల్లా ఉండే ప్రొటీన్లు, అంటే ఆక్వాపోరిన్ల గుండానే వెళ్తుంది. ఒక్కో ఆక్వాపోరిన్ సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులను పంపగలదు. 1992లో అమెరికాలో పీటర్ అగ్రే బృందం కప్ప అండకణాల్లో ఈ ప్రొటీన్ తయారయ్యేలా చేసి, వాటిని పలుచని ద్రావణంలో వేస్తే, నీళ్లు పీల్చుకుని ఉబ్బి పగిలిపోయాయి. ప్రొటీన్ లేని అండకణాలు అలాగే ఉండిపోయాయి. అగ్రేకు 2003లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

మన ఒంట్లో ఇవి 13 రకాలు. మీ వారి విషయంలో చూడాల్సింది రెండో నంబరుది, ఆక్వాపోరిన్-2. కిడ్నీ గొట్టాల చివరి భాగంలో చెరువు తూములా పనిచేస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే మెదడు నుంచి వాసోప్రెసిన్ హార్మోన్ విడుదలై, కణం లోపల దాగి ఉన్న ఈ ప్రొటీన్లను పైపొరకు రప్పిస్తుంది. నీరు వెనక్కి వెళ్తుంది, మూత్రం చిక్కబడుతుంది. లిథియం సోడియం వెళ్లే దారిలోనే ఆ కణాల్లోకి దూరి, ఆక్వాపోరిన్-2ను బాగా తగ్గించేస్తుంది. అప్పుడు హార్మోన్ ఎంత ఉన్నా కిడ్నీ స్పందించదు. దీన్నే నెఫ్రోజెనిక్ డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటాం. పేరు చూసి కంగారు పడకండి, షుగర్‌కూ దీనికీ సంబంధం లేదు.

మీరడిగిన యాంటీబాడీ పరీక్ష వేరే జబ్బుది. ఆక్వాపోరిన్-4 అనేది మెదడు, వెన్నుపాము, కంటినరంలో ఉంటుంది. దానిపై మన రోగనిరోధక వ్యవస్థే దాడిచేస్తే చూపు పోవడం, కాళ్లు పడిపోవడం వంటివి వస్తాయి. ఆ లక్షణాలు లేనప్పుడు ఆ డబ్బు దండగ.

చేయించాల్సినవి ఇవి: 24 గంటల మూత్రం కొలత (మూడు లీటర్లు దాటితే ఎక్కువే), రక్తంలో సోడియం, పొటాషియం, కాల్షియం, క్రియాటినైన్, లిథియం స్థాయి, థైరాయిడ్, రక్తం-మూత్రాల ఆస్మొలాలిటీ (అవి ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే కొలత). కాల్షియం మరిచిపోవద్దు. లిథియం దాన్ని పెంచగలదు, పెరిగిన కాల్షియం కూడా ఇదే ఆక్వాపోరిన్‌ను దెబ్బతీస్తుంది. కొన్నిసార్లు నీళ్లు ఆపి చేసే పరీక్ష అవసరమవుతుంది. అది ఆసుపత్రిలోనే జరగాలి, ఇంట్లో ప్రయోగాలు వద్దు.

మందు మాటకొస్తే, ఆక్వాపోరిన్‌ను నేరుగా తెరిచేదో మూసేదో ఇప్పటికీ మార్కెట్లోకి రాలేదు. చుట్టుదారిన పనిచేసేవి ఉన్నాయి. టోల్వాప్టాన్ వాసోప్రెసిన్‌ను అడ్డుకుని నీటిని బయటికి పంపుతుంది. సోడియం పడిపోయినవారికి, కొందరు పాలిసిస్టిక్ కిడ్నీ (కిడ్నీల్లో నీటితిత్తులు) రోగులకు వాడతాం. మీ వారికి కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆయనకు పనికొచ్చే అవకాశం ఉన్నది అమిలోరైడ్ అనే పాత మందు. లిథియం ఆ కణాల్లోకి దూరే దారినే అది మూసేస్తుంది. ఖరీదైన కొత్త మందుల కోసం వెతికేముందు దీని గురించి అడగమంటాను. అయితే కొన్ని మాత్రల్లో అమిలోరైడ్‌తో థయజైడ్ అనే మరో మందు కూడా కలిసి ఉంటుంది, అది రక్తంలో లిథియాన్ని పెంచుతుంది. కాబట్టి షాపులో అడిగి కొనే మందు కాదిది. పొటాషియం, లిథియం చూసుకుంటూ వాడాలి. ఉప్పు తగ్గిస్తే మూత్రం కొంత తగ్గే మాట నిజమే గానీ, ఒక్కసారిగా తగ్గిస్తే లిథియం పెరుగుతుంది. లిథియం డోసు తగ్గించడమా, రాత్రి ఒక్కపూటే ఇవ్వడమా, వేరే మందుకు మారడమా అన్నది సైకియాట్రిస్టు, నెఫ్రాలజిస్టు కలిసి తేల్చాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఈ నష్టం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, అందుకే ఈ నెలలోనే వెళ్లండి.

ఈలోగా ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేయొద్దు, అవీ లిథియాన్ని పెంచుతాయి. పారాసెటమాల్ చాలు. చేతుల వణుకు ఎక్కువైనా, మాట ముద్దగా వచ్చినా, నడక తూలినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎప్పుడైనా ఆపరేషన్ కోసం ఏమీ తాగకుండా ఉండమంటే, మత్తు డాక్టరుకు ఈ సమస్య గురించి ముందే చెప్పండి. ఆ కొన్ని గంటల్లోనే ఆయన సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు, సెలైన్ ఏది ఎక్కించాలన్నదీ దాన్నిబట్టే మారుతుంది.