బటన్ నొక్కగానే విండో బిగుసుకుపోతోంది

ప్రశ్న: పైథాన్‌లో టికింటర్‌తో (విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) స్టాప్‌వాచ్ రాశాను. బటన్ నొక్కితే లేబుల్‌లోని అంకె సెకనుకొకసారి మారాలని వైల్ లూప్‌లో టైమ్.స్లీప్(1) పెట్టాను. నొక్కిన వెంటనే విండో బిగుసుకుపోతోంది, మూసే గుర్తు కూడా పనిచేయడం లేదు. ఎందుకు?

జవాబు: క్లిక్కులను అందుకోవడం, తెరను తిరిగి గీయడం వంటి పనులన్నీ మెయిన్‌లూప్ (విండోను నడిపించే టికింటర్ లూప్) ఒకే వరుసలో చేస్తుంది కాబట్టి, మీ ఫంక్షన్ ముగిసేదాకా ఆ వరుస కదలదు. లూపును, స్లీప్‌ను తీసేసి, ‘టిక్’ అనే ఫంక్షన్‌లో అంకెను ఒక్కసారి మార్చి, చివర రూట్.ఆఫ్టర్(1000, టిక్) అని రాయండి. రూట్ అంటే మీ ప్రధాన విండో; 1000 మిల్లీసెకన్ల తర్వాత టిక్‌ను మళ్లీ పిలవమని దీని అర్థం. అక్కడ టిక్ పక్కన ఖాళీ బ్రాకెట్లు మాత్రం పెట్టవద్దు. పెడితే ఫంక్షన్ ఆగకుండా తనను తానే పిలుచుకుంటూ రికర్షన్ ఎర్రర్‌తో కూలిపోతుంది (దాదాపు అందరం ఒకసారైనా చేసిన పొరపాటే ఇది).

లూపులోనే రూట్.అప్‌డేట్ (ఆగివున్న క్లిక్కులను, తెర పనులను అప్పటికప్పుడు చేయించేది) పిలవమని కొందరు చెబుతారు. బటన్ రెండుసార్లు నొక్కితే ఒక లూపులో మరొకటి మొదలవుతుంది గనుక నేను చెప్పను. ఆఫ్టర్ కాస్త ఆలస్యంగా పలకవచ్చు, అందుచేత అంకెకు ఒకటి కలుపుతూ పోకుండా టైమ్.మోనోటోనిక్ (ఎప్పుడూ వెనక్కి వెళ్లని గడియారం) విలువల తేడాను చూపించండి.