సన్యాసిని పేరిట మంత్రగత్తెల రాత్రి

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో చదువుకుంటున్నాడు. ఏప్రిల్ 30 రాత్రి అక్కడివారు మంత్రగత్తెల వేషాలతో పెద్ద మంట చుట్టూ తిరుగుతున్న వీడియో పంపి, ఆ రాత్రికి ఒక క్రైస్తవ సన్యాసిని పేరుందని చెప్పాడు. ఈ ఇద్దరికీ పొత్తు ఎలా కుదిరింది? ఇది మన భోగిమంట వంటిదేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పొత్తు కుదిర్చింది పంచాంగమే. 8వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి జర్మనీకి వెళ్లిన వాల్పుర్గా, హైడెన్‌హైమ్ మఠానికి అధిపతిగా ఉండి అక్కడే కన్నుమూశారు. దాదాపు వందేళ్ల తరువాత, 870 ప్రాంతంలో, ఆమె అస్థికలను ఐష్టెట్ పట్టణానికి తరలించారు. మే 1 ఆమెను స్మరించే రోజుగా నిలిచింది. చలికాలం వెళ్లి పశువులను పచ్చికకు తోలే ఆ సంధికాలంలో దుష్టశక్తులు తిరుగుతాయని పల్లెజనం భయపడేవారు. కాబట్టి పండుగకు ముందు రాత్రి వాల్పుర్గిస్ రాత్రి అయింది. విచిత్రమేమిటంటే, చేతబడి నుంచి కాపాడమని జనం వేడుకున్నది కూడా ఆమెనే. కొట్టాల తలుపులపై శిలువ గుర్తులు వేసేవారు, గంటలు మోగించేవారు, కొరడాలు ఝళిపించేవారు.

మంత్రగత్తెలు చీపుర్లెక్కి చేరుకుంటారని చెప్పే చోటు హార్జ్ పర్వతాలలోని బ్రోకెన్ శిఖరం. ఎత్తు 1,141 మీటర్లే గానీ, ఏడాదిలో సుమారు 300 రోజులు పొగమంచు కమ్ముకుని ఉంటుంది. గుంటూరులో మనం వడగాడ్పులకు తలుపులు మూసుకునే వేళకు అక్కడ వసంతం అప్పుడప్పుడే కొండెక్కుతుంటుంది. శిఖరంపై నిలుచున్న మనిషి వీపు వెనుక సూర్యుడు వాలి ఉంటే, ఎదుటి మంచు మీద పడిన అతని నీడ రాక్షసాకారంలో కనబడుతుంది. తల చుట్టూ ఒక్కోసారి రంగుల వలయం కూడా ఏర్పడుతుంది. జర్మన్ పండితుడు యోహాన్ జిల్బర్‌ష్లాగ్ 1780లో వర్ణించిన ఈ దృశ్యాన్ని బ్రోకెన్ భూతమంటారు. అటువంటి కొండ మీద కథలు పుట్టడంలో వింత లేదు. వాటికి ప్రపంచఖ్యాతి తెచ్చినవాడు జర్మన్ మహాకవి గేటే. 1777 డిసెంబరులో స్వయంగా ఆ కొండ ఎక్కిన ఆయన, 1808లో వెలువడిన ‘ఫౌస్ట్’ నాటకం మొదటి భాగంలో ఈ రాత్రిని చిత్రించాడు. 1961 నుంచి 1989 వరకు తూర్పు జర్మనీ సైన్యం శిఖరానికి ఎవరినీ రానివ్వలేదు. ఇప్పుడు కొండ దిగువన షీర్కెలోనూ, హార్జ్ అంచున ఉన్న టాలెలోనూ వేషాల సందడి చూడటానికి వేలమంది చేరుతున్నారు.

ఇక భోగి సంగతి. మనం మంటలో వేసేది పాత సామాను. అక్కడ కొన్ని ఊళ్లలో గడ్డితో చేసిన మంత్రగత్తె బొమ్మను కాలుస్తారు. మంత్రగత్తెలన్న నేరం మోపి జర్మన్ ప్రాంతాలలో సుమారు 25,000 మందిని చంపారని చరిత్రకారుల అంచనా, వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఈ సంగతి తెలిశాక ఆ బొమ్మను ఉత్త వినోదంగా చూడటం నాకైతే కష్టమే. భోగికి నిజంగా దగ్గరగా వచ్చేది బవేరియా పల్లెల అల్లరి. భోగి ముందు రాత్రి మన కుర్రకారు కంచెకర్రలు ఎత్తుకుపోయినట్లే, అక్కడ పడుచువాళ్లు తోట గేట్లు ఊడబెరికి, పూలకుండీలు మాయం చేస్తారు. తెల్లారాక ఇంటివాళ్లు వాటిని ఊరంతా వెతుక్కోవలసిందే.