ఆరు పక్కన సున్నా

ప్రశ్న: మేడమ్, మాది గూడూరు. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, చెన్నైలో కోడంబాక్కం హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మొన్న ఒక ఆస్పత్రి ఇంటర్వ్యూలో నర్సింగ్ సూపరింటెండెంట్ నా రాతపరీక్ష పేపర్ ముందుపెట్టి "ఇది నువ్వే చదువు" అన్నారు. ఒక పదం నాకే అర్థం కాలేదు. ఉద్యోగం రాలేదు. చిన్నప్పటినుంచీ నా రాత కోడి కెలికినట్టే ఉంటుంది. అన్నీ కంప్యూటర్లయ్యాక కూడా చేతిరాత చూడటం న్యాయమా?

జవాబు: ఆవిడ మీద కోపం తెచ్చుకోకమ్మా. ఆ మాట నేనూ పడ్డాను, అదీ ఉద్యోగంలో చేరాక.

అప్పటికింకా ఇది మద్రాసే. ఒక షుగర్ పేషెంటు ఇన్సులిన్ 6 యూనిట్లని చార్టులోకి ఎక్కించాలి. నేను 6 పక్కన ఇంగ్లిష్ 'యు' ఒక్కటి గిలికి డ్యూటీ దిగిపోయాను. ఆ 'యు' మూతి మూసుకుపోయింది. రాత్రి డ్యూటీ అమ్మాయికి అది 60గా కనబడింది. మా ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లది, సిరంజిలో పట్టేదీ నలభయ్యే. అరవై ఎలా పడుతుందని అనుమానం వచ్చి, క్వార్టర్స్‌కి వచ్చి నా తలుపు కొట్టింది. మర్నాడు వార్డు సిస్టర్ చార్టు చూపించి చదవమంది. "ఆరు" అన్నాను. మళ్లీ చదవమంది. ఈసారి నాకూ అరవయ్యే కనబడింది.

ఇంగ్లండ్‌లో ఒక డాక్టరు అమాక్సిల్ అని రాస్తే మందుల షాపులో డావోనిల్ అని చదివి ఇచ్చారు. మొదటిది యాంటీబయాటిక్, రెండోది షుగర్ బిళ్ల. ఆ రోగి మెదడు దెబ్బతింది. 1980ల్లో అది కోర్టుకెక్కితే, షాపువాళ్లతో పాటు డాక్టరు మీదా కొంత బాధ్యత వేశారు.

డాక్టర్లది బ్రహ్మరాత కాదా అంటావేమో. మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ వాళ్లకీ నిబంధన పెట్టింది. ఎంతమంది పాటిస్తున్నారో నన్నడక్కు!

ఇక కంప్యూటర్ల సంగతి. చిన్న నర్సింగ్ హోముల్లో ఇప్పటికీ చాలావరకు కాగితమే. ఆస్పత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే మందుల ఆర్డర్లు చదవగలిగేలా, తేదీ, టైము, పేరు, సంతకంతో సహా ఉండాలి. తనిఖీలో నీ రాతకి జవాబు చెప్పాల్సింది ఆ సూపరింటెండెంటే. ఆవిడ టెన్షన్ ఆవిడది.

ముత్యాల్లాంటి రాత ఎవరికీ అక్కర్లేదు. కలిపిరాత మానేసి అక్షరాలు విడివిడిగా రాయి. 'యూనిట్లు' అన్న మాట పూర్తిగా రాయాలి. అర మిల్లీగ్రామంటే పాయింటు ముందు సున్నా పెట్టి 0.5 అని రాయి. ఒకటంటే ఉత్త 1 చాలు. 1.0 అన్నావో, పాయింటు కనబడకపోతే పదైపోతుంది. తప్పు పడితే వైట్‌నర్ పూయకుండా ఒక్క గీత కొట్టి పొట్టి సంతకం చెయ్యి.

రోజూ రాత్రి ఒక పేజీ వార్డు నోట్స్ రాసి, హాస్టల్లో నర్సు కాని అమ్మాయెవరికైనా ఇచ్చి పైకి చదవమను. ఆ పిల్ల ఎక్కడ తడబడితే ఆ అక్షరాన్నే దిద్దుకో. రాస్తుంటే వేళ్లు నొప్పెట్టినా, ఎంత దిద్దినా కుదరకపోయినా ఒకసారి ఆక్యుపేషనల్ థెరపిస్టుకి (రోజువారీ పనులు చేసుకోవడంలో ఇబ్బందుల్ని సరిచేసే నిపుణులు) చూపించుకో.

అన్నట్టు, జెల్ పెన్ను వాడుతుంటే మానేయ్. సిరా ఆరకముందే చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. మామూలు బాల్‌పెన్ను కొనుక్కో.