చర్చి కిటికీ అద్దాల్లో బొమ్మలు లేకపోతే అర్థం ఏమిటి?

విశాఖలోనైనా, మరెక్కడైనా, ఒట్టి రంగు ముక్కలతో చేసిన ఆధునిక చర్చి కిటికీల్లో దేవునికి గుర్తు బొమ్మ కాదు, లోపలికి వచ్చే వెలుగే. పాత కిటికీలు బైబిలు కథలు చెప్పేవి. ఇవి "నేను లోకమునకు వెలుగును" అన్న క్రీస్తు మాటను నేరుగా కళ్లకు కట్టిస్తాయి.

ఫ్రాన్స్‌లోని వాన్స్ ప్రార్థనాలయం (1951) చూడండి. చిత్రకారుడు ఆన్రీ మతీస్ కిటికీలకు వాడినవి మూడే రంగులు: సూర్యుడికి పసుపు, మొక్కలకు ఆకుపచ్చ, సముద్రానికీ ఆకాశానికీ నీలం. పసుపు అద్దం మసక, దాని గుండా బయటి దృశ్యం కనబడదు. మిగతా రెండూ పారదర్శకం. ఎండ పడగానే ఆ రంగులు తెల్లటి గచ్చు మీద పరుచుకుంటాయి. అసలు కళ అదే. మన దగ్గర సముద్రం వైపు తూర్పు కిటికీ ఉంటే ఉదయం ఆరాధన వేళకే ఆ వెలుగు దిగుతుంది.

ఒక్కో రంగుకు చర్చి ఖాయం చేసిన అర్థం ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, కళాకారుణ్ని బట్టి మారుతుంది.